ఏటీఎస్ స్కోరు 41 వచ్చింది, డబ్బులు కట్టి 90 చేయించుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 2021లో బీటెక్ అయింది, హైదరాబాద్‌లో మూడేళ్లకు పైగా టెస్టింగ్ ఉద్యోగం చేశారు, మధ్యలో ఐదు నెలల గ్యాప్ ఉంది. నౌకరీ అనే జాబ్ సైటులోనూ కంపెనీల సైట్లలోనూ కలిపి రెండు వందల దాకా అప్లై చేస్తే రెండో మూడో కాల్స్ వచ్చాయి. ఫ్రెండ్ చెప్పాడని ఒక సైటులో రెజ్యూమె పెట్టి ఏటీఎస్ (కంపెనీలు అప్లికేషన్లు చూసుకునే అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్) స్కోరు చూసుకుంటే 41 వచ్చింది. 1,999 రూపాయలు కడితే 90 దాటిస్తామని వాళ్లే అన్నారు. కట్టాలా వద్దా, రెజ్యూమెకి రెండు కాలమ్‌ల క్యాన్వా డిజైన్ ఉంచాలా తీసేయాలా, ఆ గ్యాప్ ఎలా దాచాలి అని అడిగారు.

కట్టకండి. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ బిర్యానీ తినొచ్చు.

నేను 14 ఏళ్లుగా రిక్రూట్‌మెంట్‌లోనే ఉన్నాను. మొదట్లో అమీర్‌పేటలో రెండు గదుల కన్సల్టెన్సీ, తర్వాత కంపెనీల హెచ్‌ఆర్ టీముల్లో. ఏటీఎస్‌లలో టాలియో వాడాను, వర్క్‌డే వాడాను, ఇప్పుడు మన హైదరాబాద్‌లోనే 2015లో పుట్టిన డార్విన్‌బాక్స్ మీద పని చేస్తున్నాను. వీటిలో ఏదీ నాకు ఎప్పుడూ "ఈ రెజ్యూమెకి 41 మార్కులు, ఫెయిల్" అని చూపించలేదు. మీరు స్కోరు చూసుకున్న సైటుకీ, మీరు అప్లై చేసిన కంపెనీ వాడే సిస్టమ్‌కీ ఏ సంబంధమూ లేదు. జాబ్ డిస్క్రిప్షన్‌లోని మాటలు మీ రెజ్యూమెలో ఎన్ని దొరికాయో ఆ సైటు లెక్కపెడుతుంది, దానికి తన సొంత రూల్స్ నాలుగు కలిపి ఒక అంకె వేస్తుంది. అదే ఫైలు ఇంకో సైటులో పెట్టి చూడండి, ఇంకో అంకె వస్తుంది. నూటికి 75 రెజ్యూమెలు మనిషి చూడకముందే ఏటీఎస్ కొట్టేస్తుందని యూట్యూబ్‌లో అందరూ చెప్పే మాట కూడా అంతే. తవ్వుకుంటూ పోతే రెజ్యూమె సేవలు అమ్ముకున్న ఒక అమెరికా కంపెనీ దగ్గర తేలుతుంది, దాని వెనక చూపించడానికి అధ్యయనం ఏదీ లేదు.

ఏటీఎస్ అంటే ఒక పెద్ద రిజిస్టరు అనుకోండి. ఎవరు అప్లై చేశారు, ఎవరిని పిలిచాం, ఎవరు ఏ రౌండ్‌లో ఉన్నారు అని రాసుకునే పుస్తకం. మీ ఫైలు అందులో పడగానే పార్సర్ అనే ముక్క దాన్ని చదివి పేరు, ఫోన్, కంపెనీ, తేదీలు, స్కిల్స్ అని విడదీసి గళ్లలో నింపుతుంది. ఆ తర్వాత నాలాంటి వాళ్లు ఆ గళ్లలో వెతుకుతాం. ఈ మధ్య కొన్ని సిస్టమ్‌లు ఏఐతో మ్యాచ్ శాతం కూడా చూపిస్తున్నాయి, కాదనను. మేం దాన్ని వాడేది మాత్రం ఎవరిది ముందు తెరవాలో చూసుకోవడానికే. కాబట్టి మీరు చూసుకోవాల్సినవి రెండు: గళ్లలో మీ వివరాలు సరిగ్గా పడ్డాయా, నేను వెతికినప్పుడు మీరు దొరుకుతారా. దొరికాక నా కళ్లకు ఆనాలి, అది మూడోది.

మొదటిదానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. మీ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ కనిపించేదే దాదాపుగా పార్సర్‌కి కనిపించేది.

పోయిన నెల మా కజిన్ వాళ్ల అబ్బాయి ఫైలుతో ఇలాగే చేసి చూపించాను. అదీ మీలాగే క్యాన్వా డిజైనే. ఎడమ పక్క నీలం పట్టీలో ఫోటో, ఫోన్, స్కిల్స్, భాషలు, హాబీలు. కుడి పక్క ఎక్స్‌పీరియన్స్. తెర మీద చూస్తే పెళ్లి శుభలేఖంత అందంగా ఉంది. నోట్‌ప్యాడ్‌లో పడ్డది ఇది:

సెలీనియం సీనియర్ టెస్ట్ ఇంజినీర్
పోస్ట్‌మాన్ జూన్ 2022 నుంచి
తెలుగు, హిందీ రిగ్రెషన్ సూట్ మొత్తం
క్రికెట్, వంట ఆటోమేట్ చేశాను

క్రికెట్, వంట ఆటోమేట్ చేసిన ఇంజినీరు! వాడు నవ్వాడు గానీ, ఆ ఫైలుతోనే నాలుగు నెలలుగా అప్లై చేస్తున్నాడు. అన్ని పార్సర్లూ ఇలా కలగాపులగం చేయవు. కొత్తవి కొన్ని రెండు కాలమ్‌లను బాగానే విడదీస్తాయి. కానీ మీరు అప్లై చేసే కంపెనీలో ఏది ఉందో మీకు తెలియదు కదా, రిస్క్ ఎందుకు? ఒకే కాలమ్, పై నుంచి కిందికి. టేబుల్స్ వద్దు, టెక్స్ట్ బాక్సులు వద్దు. ఫోన్ నంబరు పక్కన చిన్న ఫోన్ బొమ్మ, స్కిల్స్ పక్కన నాలుగు చుక్కలు వద్దు. జావాకి అయిదింటికి నాలుగు చుక్కలంటే మెషిన్‌కి ఏమీ అర్థం కాదు. నాకు అర్థమయ్యేదల్లా ఆ ఐదో చుక్క ఎందుకు లేదో ఇంటర్వ్యూలో అడగాలని.

అదే పరీక్షలో ఇంకో వింత బయటపడుతుంది. కొన్ని ఫాంట్లలో, ముఖ్యంగా కాలిబ్రీలో, ఇంగ్లిష్ టి, ఐ అక్షరాలు పక్కపక్కన వస్తే రెండూ అతుక్కుని ఒకే గుర్తుగా మారతాయి. కంటికి తేడా కనిపించదు. పీడీఎఫ్‌గా మార్చిన తీరును బట్టి కాపీ చేసినప్పుడు ఆ గుర్తు ఎగిరిపోవచ్చు, లేదా దాని స్థానంలో ఏదో అంకె పడొచ్చు. ఆటోమేషన్ అనే మాట స్పెల్లింగ్ మధ్యలో రెండక్షరాలు మాయం. మీరు ఆటోమేషన్ టెస్టర్, నేను వెతికే మాట ఆటోమేషన్, మీ ఫైలులో ఆ మాటే లేదు! ఏరియల్‌కి మార్చి మళ్లీ పీడీఎఫ్ చేయండి, లేదా వర్డ్‌లో లిగేచర్స్ (ఇలా అక్షరాలు అతికించే సెట్టింగ్) ఆఫ్ చేయండి. లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెజ్యూమె చేసుకునే ఐఐటీ బ్యాచ్‌కి కూడా ఇదే మాట చెబుతున్నాను. మీ టెంప్లేట్ ఎంత గొప్పదైనా ఒక్కసారి కాపీ చేసి చూసుకోండి.

పేజీ పై అంచున హెడర్‌లో పేరు, ఫోన్ పెట్టే అలవాటు చాలామందికి ఉంది. వర్డ్‌లో హెడర్, ఫుటర్ భాగాలను కొన్ని పార్సర్లు చదవకుండా దాటేస్తాయి. రెజ్యూమె బాగుంది, కాల్ చేద్దామంటే నంబరు గడి ఖాళీ. పేరు, ఫోన్, మెయిల్ మామూలు పేజీలోనే మొదటి మూడు లైన్లలో రాయండి. పీడీఎఫా, వర్డా అంటే, కంపెనీ ఏది అడిగితే అది. ఏమీ చెప్పకపోతే వర్డ్ నుంచి నేరుగా సేవ్ చేసిన పీడీఎఫ్. జిరాక్స్ షాపులో స్కాన్ చేయించిన పీడీఎఫ్ మాత్రం ఫోటోతో సమానం, అందులో అక్షరాలు ఉండవు.

ఇక నా తెర మీదికి రండి. నౌకరీలో రిక్రూటర్లు వెతికే చోటుని రెస్‌డెక్స్ అంటారు. మీకు కనిపించే నౌకరీ వేరు, మాకు కనిపించేది వేరు. పొద్దున్నే మేనేజర్ "మూడేళ్ల ఆటోమేషన్ టెస్టర్ కావాలి, సెలీనియం, ఏపీఐ టెస్టింగ్ తప్పనిసరి, నెలలోపు జాయిన్ కావాలి" అంటాడు. నేను సెలీనియం అని కొడతాను, దానికి ఏపీఐ లేదా ఆ టెస్టింగ్‌కి వాడే టూల్స్ పోస్ట్‌మాన్ లేదా రెస్ట్ అష్యూర్డ్ అని కలుపుతాను. అనుభవం 2 నుంచి 5 ఏళ్లు. లొకేషన్ హైదరాబాద్. నోటీస్ పీరియడ్ 30 రోజుల లోపు. ఈ మధ్య లాగిన్ అయినవాళ్లు. ఇంకా ఒక్క రెజ్యూమె కూడా తెరవలేదు, అప్పటికే వేలమంది పక్కకు పోయారు. వాళ్లను తీసేసింది నేను పెట్టిన ఫిల్టర్లు, రోబో కాదు. మీ ప్రొఫైల్‌లో లొకేషన్ ఇంకా గుంటూరు అనే ఉంటే, నోటీస్ పీరియడ్ పాత కంపెనీది 90 రోజులు అనే ఉంటే, మీ రెజ్యూమె బంగారంతో చేసినా నాకు కనిపించదు. రెండు వందల అప్లికేషన్లు పెట్టానన్నారు, ఆ గళ్లు చివరిసారి ఎప్పుడు సరిచూసుకున్నారో ఆలోచించండి. నోటీస్‌లో ఉంటే లాస్ట్ వర్కింగ్ డే తేదీతో సహా పెట్టండి. హైదరాబాద్ మార్కెట్‌లో ఆ ఒక్క తేదీకి ఉన్న విలువ చాలా సర్టిఫికెట్లకు లేదు.

కీవర్డ్స్ గురించి ఎక్కువ టెన్షన్ పడొద్దు. నిజంగా చేసిన పనిని, జాబ్ డిస్క్రిప్షన్‌లో వాడిన పేరుతోనే రాయండి, అంతే. వాళ్లు ఏపీఐ టెస్టింగ్ అంటే మీరు వెబ్ సర్వీసెస్ వాలిడేషన్ అని రాసుకుంటే ఇద్దరం ఒకరికొకరం దొరకం. పొట్టి పేరు, పూర్తి పేరు రెండూ ఉన్నవాటికి రెండూ ఒక్కోసారి రాయండి. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో జాబ్ డిస్క్రిప్షన్ మొత్తం అతికించే చిట్కా ఒకటి తిరుగుతోంది. పార్సర్ రంగులు వదిలేసి అక్షరాలే తీసుకుంటుంది, నా దగ్గర అదంతా నల్లగా కనిపిస్తుంది. అలాంటివి చూసిన ప్రతిసారీ, చేసిన మనిషి మిగతా విషయాల్లో ఎంత నిజం చెబుతున్నాడో అని అనుమానం వస్తుంది.

మన తెలుగువాళ్లకే ప్రత్యేకంగా ఉండే తంటా పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, తర్వాత వెంకట సత్య నాగ అని రెండు మూడు ముక్కలు, చివర్లో ఇంట్లో పిలిచే పేరు. రెజ్యూమెలో అవన్నీ ఇనిషియల్స్ అయిపోయి, నాలుగు చుక్కలు, చివర ఒక పేరు. చాలా సిస్టమ్‌లు మొదట ఉన్నది ఫస్ట్ నేమ్ అని, చివర ఉన్నది సర్‌నేమ్ అని నింపుకుంటాయి. అందుకే "డియర్ కె" అని మెయిల్స్ వస్తుంటాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఒకే మనిషి ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట చివర రాస్తే సిస్టమ్‌లో ఇద్దరు మనుషులవుతారు, రిఫర్ చేసిన ఫ్రెండ్ పెట్టిన ఎంట్రీ ఒకటి, మీరు పెట్టింది ఇంకొకటి. రెజ్యూమె మీద పిలిచే పేరు ముందు, ఇంటిపేరు పూర్తిగా చివర, చుక్కలు లేకుండా రాయండి. నౌకరీలో, లింక్డిన్‌లో, కంపెనీ ఫారంలో అదే వరుస. సర్టిఫికెట్లలో ఉన్న పూర్తి పేరు ఆఫర్ దశలో ఎలాగూ అడుగుతారు, అప్పుడు ఇవ్వొచ్చు. మెయిల్ ఐడీ కూడా పేరుతోనే ఉండాలి. ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో హీరో పేరుతో పెట్టుకున్న ఐడీతో వచ్చే ఎనిమిదేళ్ల అనుభవజ్ఞులు ఇప్పటికీ నాకు తగులుతుంటారు. అభిమానం ఉండొచ్చు, ఐడీ మార్చుకోండి.

సర్వీస్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటి. జీతం ఇచ్చేది ఒక కంపెనీ, పని చేసేది క్లయింట్‌కి. రెజ్యూమెలో క్లయింట్ పేరు పెద్ద అక్షరాల్లో, పక్కన తేదీలు, కింద ఇంకో క్లయింట్, ఇంకో తేదీలు. పార్సర్ వాటిని వేర్వేరు ఉద్యోగాలు అనుకుంటుంది. మూడేళ్లలో నాలుగు కంపెనీలు మారినట్టు కనిపిస్తుంది, లేదా తేదీలు ఒకదాని మీద ఒకటి పడి మూడేళ్ల అనుభవం ఐదున్నర అవుతుంది. పేస్లిప్ మీద ఉన్న కంపెనీ పేరు, మీ హోదా, ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఇదొక్కటే హెడ్డింగ్‌గా ఉండాలి. క్లయింట్, ప్రాజెక్ట్ దాని కిందే మామూలు లైన్‌లో, తేదీలు లేకుండా. థర్డ్ పార్టీ పేరోల్ మీద ఉంటే ఆ పేరోల్ కంపెనీ పేరే రాయాలి. చిన్న పేరని నామోషీ పడొద్దు, వెరిఫికేషన్‌లో బయటికొచ్చేది ఆ పేరే.

ఇప్పుడు కంటి సంగతి. ల్యాడర్స్ అనే అమెరికా జాబ్ సైటు 2018లో రిక్రూటర్ల కళ్ల కదలికలు కొలిచి, ఒక రెజ్యూమె మీద మొదటి చూపు సగటున 7.4 సెకన్లు నిలుస్తుందని చెప్పింది. నా మటుకు నేను మంచి రోజున పది పన్నెండు సెకన్లు చూస్తానేమో. సాయంత్రం ఆరు తర్వాత అయితే 7.4 కూడా ఎక్కువే. ఆ కాస్తలో నా కళ్లు వెళ్లేవి: ఇప్పటి హోదా, కంపెనీ, ఎన్నేళ్లు, స్కిల్స్ లైను. అవి మొదటి పేజీ పై సగంలో లేకపోతే కిందికి దిగే ఓపిక ఉండదు. ఆ స్థలాన్ని మనవాళ్లు కెరీర్ ఆబ్జెక్టివ్‌కి రాసిచ్చేస్తారు. సవాళ్లున్న వాతావరణంలో నా నైపుణ్యాలతో సంస్థ ఎదుగుదలకు తోడ్పడాలని... సీనియర్ల రెజ్యూమె నుంచి జూనియర్లకు వారసత్వంగా వస్తున్న ఆ పేరా తీసేసి మూడు లైన్ల సమ్మరీ రాయండి. తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, ఇంటి డోర్ నంబరు, కింద "పై వివరాలు నిజమని ప్రకటిస్తున్నాను" అనే డిక్లరేషన్, ఇవేవీ ప్రైవేటు ఉద్యోగానికి అక్కర్లేదు. ఆధార్, పాన్ నంబర్లు రెజ్యూమెలో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. ఆ ఫైలు ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుందో మీకు తెలియదు. మీ అనుభవానికి ఒక పేజీ చాలు, మరీ అయితే రెండు. అమెరికాలో కన్సల్టెన్సీలు తయారుచేసే ఎనిమిది పేజీల బాపతు చూసి వాతలు పెట్టుకోవద్దు, వాళ్ల మార్కెట్ వేరు.

మీరు పంపిన రెజ్యూమెలో అనుభవం కింద మొదటి లైను "అప్లికేషన్ టెస్టింగ్ బాధ్యతలు నిర్వర్తించాను" అని ఉంది. టెస్టర్ టెస్టింగే చేస్తాడు కదండీ. మీరే ప్రశ్నలో ఇంకోచోట రాశారు, లోన్ అప్లికేషన్‌కి రిగ్రెషన్ (మార్పులు చేశాక పాతవన్నీ మళ్లీ టెస్ట్ చేయడం) చేతితో చేస్తే రెండు రోజులు పట్టేదని, మీరు స్క్రిప్టులు రాశాక ఒక పూటకి వచ్చిందని. అది రాయండి! "బ్యాంకు లోన్ అప్లికేషన్ రిగ్రెషన్ కేసులను సెలీనియం, జావా, టెస్ట్‌ఎన్‌జీతో ఆటోమేట్ చేశాను. రెండు రోజుల పని నాలుగు గంటలకు తగ్గింది" అన్న సారం వచ్చేలా ఇంగ్లిష్‌లో ఒక లైను. ఇందులో సెలీనియం, ఆటోమేట్ లాంటి నేను వెతికే మాటలూ వచ్చాయి, మేనేజర్‌కి కావలసిన విషయమూ వచ్చింది. మొత్తం ఎన్ని కేసులో, అందులో ఎన్ని ఆటోమేట్ చేశారో గుర్తుంటే ఆ అంకెలు కూడా వేయండి, గుర్తులేకపోతే వదిలేయండి. చాట్‌జీపీటీ పుట్టించిన 37 శాతం, 42 శాతం లాంటివి వద్దు. ఇంటర్వ్యూలో "ఆ 37 ఎలా లెక్కేశారు" అని మొదటి ప్రశ్నే దాని మీద పడుతుంది. రోజుకి అలాంటి రెజ్యూమెలు ఎన్నో వస్తున్నాయి, అన్నిటిలో అవే క్రియలు, అదే రాగం.

కంపెనీ సైటులో అప్లై చేసిన రెండు నిమిషాలకే రిజెక్ట్ మెయిల్ వచ్చిందని, అంటే రోబో కొట్టేసిందని రాశారు. అక్కడ మాత్రం మీ అనుమానంలో సగం నిజం ఉంది. ఫారం చివర్లో నాలుగైదు ప్రశ్నలు ఉంటాయి: వారానికి మూడు రోజులు ఆఫీసుకి రాగలరా, షిఫ్టుల్లో చేస్తారా, ఫలానా టూల్‌లో ఎన్నేళ్లు. వీటికి మేం ముందే హద్దు పెట్టి ఉంచుతాం, ఆ హద్దు దాటని జవాబుకి మెయిల్ దానంతటదే వెళ్లిపోతుంది. రెజ్యూమె ఫార్మాట్‌కీ దీనికీ సంబంధం లేదు. తొందరలో ఆ ప్రశ్నలను టిక్కులు కొట్టుకుంటూ పోకండి, అనుభవం గడిలో సున్నా వదిలేయకండి. రెజ్యూమె అప్‌లోడ్ చేశాక వర్క్‌డే లాంటివి తామే నింపిన గళ్లను చూపిస్తాయి కదా, అక్కడ కంపెనీలు, తేదీలు సరిగ్గా పడ్డాయో లేదో ఓపిగ్గా చూసుకోండి. తప్పు పడితే దిద్దుకునే అవకాశం ఉండేది అక్కడే.

ఫైలు పేరు "రెజ్యూమె ఫైనల్ న్యూ 3" కాకుండా మీ పేరు, పని, అనుభవం ఉండేలా పెట్టండి. చిన్న విషయమే, కానీ నా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ప్రస్తుతం పదకొండు ఫైనల్స్ ఉన్నాయి.

చివరగా గ్యాప్. దాచకండి. సంవత్సరాలు మాత్రమే రాసి నెలలు వదిలేస్తే గ్యాప్ కప్పబడిపోతుందని ఎవరో సలహా ఇస్తారు. పార్సర్ ఆ తేదీలతో అనుభవాన్ని తప్పుగా లెక్కేస్తుంది, నాకేమో నెలలు లేవంటేనే ఏదో ఉందని తెలిసిపోతుంది. ఆ నెలలను కన్సల్టెన్సీ ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తో పూడ్చుకోవడం ఇంకా ప్రమాదం. ఇప్పుడు చాలా కంపెనీలు ఈపీఎఫ్ యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) సర్వీస్ హిస్టరీ అడుగుతున్నాయి. ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో తేదీలతో ఉంటుంది.

రెండేళ్ల కిందట ఒక అబ్బాయిని అన్ని రౌండ్లూ దాటించి ఆఫర్ దాకా తీసుకొచ్చాను. పాత ఉద్యోగం చివరి తేదీని అసలు మానేసిన దానికంటే నాలుగు నెలల తర్వాతకి జరిపి రాశాడు. వెరిఫికేషన్‌లో దొరికింది, ఆఫర్ వెనక్కి తీసుకోక తప్పలేదు. ఫోన్‌లో ఎందుకలా చేశావని అడిగాను. వాళ్లమ్మగారికి ఆపరేషన్ అయిందట, ఇంట్లో చూసుకునేవాళ్లు లేక మానేశాడట. ఆ ఒక్క లైను తేదీలతో రెజ్యూమెలో రాసి ఉంటే, నేను దాని గురించి ప్రశ్న కూడా వేసేదాన్ని కాదు.